గాలి నిలిచాక ఉండే గండం

తుపాను తీరం దాటిందన్న మాట చెవిన పడగానే అందరం ఊపిరి పీల్చుకుంటాం. పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్లు మూటలు సర్దుకుంటారు. ఇల్లు నిలిచిందో లేదో, మేకలేమయ్యాయో, ఒడ్డున కట్టిన పడవ ఉందో పోయిందోనన్న టెన్షన్ వాళ్లను కూర్చోనివ్వదు. ఆ ఆరాటం అర్థం చేసుకోగలం. అయినా అధికారులు చెప్పేదాకా కదలొద్దనే కోరుతున్నాం. తుపాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి కాసేపు నిలిచిపోతుంది, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపానును చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇళ్లలో పిల్లలకు ఆ రాత్రి సంగతి చెప్పమనండి.

వాన తెరిపిచ్చినా పెన్నా నదిని నమ్మలేం. కడప వైపు కురిసిన వాన సోమశిల జలాశయం దాటి నెల్లూరు మీదికే వస్తుంది. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కిందున్న మట్టికట్టే కొట్టుకుపోయింది. హైవే మీద బండ్లు ఆగిపోయాయి. అంతటి నీటి ముందు మోటార్‌సైకిల్ ఎంత? చప్టా మీద నీళ్లు పారుతుంటే బండి దించకండి.

అన్నిటికంటే ఎక్కువ భయం కరెంటుతోనే. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద, నీటికి గాలి అందించే ఏరేటర్లకు లాగిన కేబుళ్లు నీళ్లలో నానుతుంటాయి. సరఫరా ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చిన క్షణాన ఆ తడి గట్టే ప్రాణం తీస్తుంది. తెగిన తీగ కనబడితే దగ్గరికి పోకుండా 1912కు ఫోన్ చేయాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. లైను కరెంటును, జనరేటర్ కరెంటును కలవనివ్వని ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను ఇంటి వైరింగుకు కలిపితే ఆ కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కుతుంది. స్తంభమెక్కి మనకోసం పనిచేస్తున్న లైన్‌మన్ దానికి బలవుతాడు.

నీళ్లు కాచి చల్లార్చి తాగడం అందరికీ తెలిసిందే. పాము కరిస్తే మాత్రం కోయడం, కట్టడం, మంత్రం వేయించడం వద్దు. 108కి చెప్పి నేరుగా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. మిగతా ఆపదలకు 112 ఉంది, విపత్తుల కంట్రోల్ రూముకు 1070.

పంట 33 శాతం, అంతకు మించి పోతేనే ప్రభుత్వమిచ్చే పెట్టుబడి రాయితీ దక్కుతుంది. కాబట్టి నీళ్లు దిగకముందే చేనును ఫోటో తీసి పెట్టుకోవాలి, గ్రామ సచివాలయంలో అంటించే జాబితాలో పేరుందో లేదో చూసుకోవాలి. చేనున్నవాడికి ఈ దారైనా ఉంది. కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకుని, గుంటలకు కాపలా ఉంటూ బతికే యానాది గిరిజనులకు చూపించడానికి పట్టా లేదు. ఆధార్ కార్డు ఉన్నా గుడిసెతో పాటు నీళ్లలో పోతుంది. కాగితం తెమ్మని వాళ్లను సచివాలయం చుట్టూ తిప్పొద్దని తీర జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాం. బియ్యం, టార్పాలిన్ ముందు చేతికివ్వండి. పేర్లు ఆ గట్టు మీదికే వెళ్లి రాసుకోండి. కొట్టుకుపోయిన వలను కూడా నష్టం కిందే రాయండి.