ఆ ‘ఏడు హక్కుల’ మెసేజ్‌ను ఇక పంపకండి

మళ్లీ వచ్చింది. ‘ప్రతి భారతీయుడూ తెలుసుకోవాల్సిన ఏడు హక్కులు. లాయర్లు మీకు చెప్పరు. కనీసం పది మందికి పంపండి.’ ఈ వారంలోనే మూడు గ్రూపుల్లో కనిపించింది. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లు, నలుగురికి మంచి జరగాలని కోరుకునేవాళ్లు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

అందులో ఉన్నవి ఇవి. సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. ఎఫ్‌ఐఆర్ రాయని పోలీసుకు ఆరు నెలల నుంచి ఏడాది జైలు. గ్యాస్ సిలిండర్ పేలితే 50 లక్షలు. 1867 నాటి చట్టం ప్రకారం ఫైవ్‌స్టార్ హోటల్లో కూడా ఎవరైనా వెళ్లి ఉచితంగా నీళ్లు తాగొచ్చు, బాత్‌రూమ్ వాడుకోవచ్చు. హెల్మెట్ లేదని ఒకసారి ఫైన్ వేస్తే ఆ రోజు అర్ధరాత్రి దాకా మళ్లీ వేయకూడదు. గర్భిణిని ఉద్యోగం నుంచి తీసేస్తే యజమానికి మూడేళ్ల జైలు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోకూడదు, తక్కువకు బేరమాడొచ్చు.

హెల్మెట్ సంగతి ఒక్క మాటలో: అలాంటి నిబంధన మోటారు వాహనాల చట్టంలో లేదు. 194డి సెక్షన్‌లో వెయ్యి రూపాయల జరిమానా ఉంది, మూడు నెలలు లైసెన్సుపై అనర్హత ఉంది, రోజుకొక్కసారే అన్న మినహాయింపు లేదు. పొద్దున కట్టిన చలానా చూపించి సాయంత్రం వట్టితలతో బండి నడిపే హక్కు ఎవరికీ లేదు.

హోటల్ నీళ్లు. 1867 సరాయిల (బాటసారుల సత్రాల) చట్టం అనేది ఒకటుంది. దాన్ని ఎవరైనా తెరిచి చదివితే ఈ పాయింటు అక్కడే ఆగిపోయేది. సరాయి నడిపేవాళ్ల బాధ్యతలు 7వ సెక్షన్‌లో ఉన్నాయి: గదులు, కాలువలు, బావులు శుభ్రంగా ఉంచాలి, కావలివాళ్లను పెట్టాలి, ఎంత అద్దె తీసుకుంటారో పట్టిక వేలాడదీయాలి. స్వేచ్ఛగా లోపలికి రానివ్వాలన్న మాట కూడా ఉంది. ఆ రానివ్వాల్సింది తనిఖీకి వచ్చే మేజిస్ట్రేటును, దారిన పోయేవాళ్లను కాదు. దాహమేస్తే ఏ హోటలైనా గ్లాసుడు నీళ్లిస్తుంది, అది మర్యాద. పెట్రోలు బంకులో గాలి, తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాల్సిందే, ఆయిల్ కంపెనీలు డీలర్లకు పెట్టిన నిబంధన అది.

సిలిండరు పాయింటులో బీమా ఉందన్నది నిజం, అంకె అబద్ధం. ఆయిల్ కంపెనీలు తీసుకునే పబ్లిక్ లయబిలిటీ పాలసీలో ప్రాణం పోతే మనిషికి 6 లక్షలు. గాయాల వైద్యానికి ఒక ప్రమాదానికి మొత్తం 30 లక్షలు, అందులో ఒక్కొక్కరికి గరిష్ఠంగా 2 లక్షలు. ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు, అదీ కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగితేనే. ఇల్లు మారి, కనెక్షన్ పాత చిరునామాలోనే ఉంచేసుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. 50 లక్షలొస్తాయని నమ్మి ఏజెంటుకో మధ్యవర్తికో ముందే డబ్బు ముట్టజెప్పే ప్రమాదం ఉంది కాబట్టి చెబుతున్నాను: ఈ పాలసీకి వినియోగదారుడు ప్రీమియం కట్టక్కర్లేదు, క్లెయిమ్‌కు మధ్యవర్తి అక్కర్లేదు. ప్రమాదం జరిగిన వెంటనే డిస్ట్రిబ్యూటరుకు రాతపూర్వకంగా చెప్పండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. అక్కడి నుంచి ఆయిల్ కంపెనీకి, బీమా కంపెనీకి తెలియజేయాల్సింది వాళ్లే. పోలీసు కేసు కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, ఆసుపత్రి బిల్లుల అసళ్లు దాచిపెట్టండి. ఐఎస్ఐ ముద్ర లేని రెగ్యులేటరు, గడువు దాటిన రబ్బరు ట్యూబు వాడుతుంటే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. గ్యాస్ వాసన వస్తే చేయాల్సిన నంబరు 1906. మెసేజ్‌లో అది లేదు!

ఇక అసలు కోపం తెప్పించే పాయింటు, ఎఫ్‌ఐఆర్.

స్టేషన్‌లోకి వెళ్లి ‘కేసు కట్టకపోతే నీకు ఏడాది జైలు’ అన్న మనిషికి ఏమవుతుందో పంపినవాళ్లెవరైనా ఆలోచించారా? ఆ జైలు శిక్ష సెక్షన్ ఏయే నేరాలకు వర్తిస్తుందో ఎదుట కూర్చున్న ఎస్‌ఐకి తెలుసు. చెప్పినవాడికి తెలియదన్న సంగతి కూడా ఆ ఒక్క మాటతో అతనికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆ ఫిర్యాదు కాగితానికి దక్కే మర్యాద ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సెక్షన్ ఉంది. పాత ఐపీసీలో 166ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 199. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా, జరిమానాతో. అంటే మెసేజ్‌లోని అంకె కూడా తప్పే. పైగా ఫిర్యాదు రాయని ప్రతి పోలీసుకూ అది వర్తించదు. అత్యాచారం, మహిళపై దాడి, వివస్త్రను చేయడం, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా వంటి కొన్ని నేరాల ఫిర్యాదులను నమోదు చేయనప్పుడే వర్తిస్తుంది. ఫోన్ పోయింది, ప్లాటు మోసం, పక్కింటివాడు కొట్టాడు అన్న ఫిర్యాదుల్లో దాని ఊసే రాదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ జాబితాలోని నేరానికి గురైన మహిళకు ఇది నిజంగా పెద్ద ఆయుధం. దాన్ని చాలామంది వకీళ్లు కూడా అర్జీలో రాయడం మర్చిపోతారు. ఆ ఒక్క సందర్భానికి ఈ మెసేజ్ పనికొస్తుంది.

మిగతావాళ్లకు దారి వేరు. నమోదు చేయదగ్గ నేరమని, అంటే మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరమని, ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టడం తప్పనిసరని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇప్పుడు అది, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ అనేది దాన్నే. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి, పెట్టకపోతే అది ఎఫ్‌ఐఆర్‌గా ఎక్కదు. కాపీ ఉచితం. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పోలీసులకు ఉంది. ఆ రెండు వారాలూ ‘ఎంక్వైరీ చేస్తున్నాం’ అంటే అది ఎగవేత కాకపోవచ్చు. పదిహేనో రోజున కూడా అదే మాటంటే ఎగవేతే.

ఎస్‌ఐ తీసుకోనంటే గొడవ పడకండి. అదే ఫిర్యాదును ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి, రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. రసీదు, తిరిగొచ్చిన కార్డు దాచండి. అక్కడా కదలకపోతే అదే సంహిత 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గర అర్జీ. దానికి అఫిడవిట్ తప్పనిసరి, ఎస్పీకి పంపిన రుజువు జతచేయడం తప్పనిసరి. ఈ రుజువు లేకే ఎన్నో అర్జీలు వెనక్కి వస్తాయి. స్టేషన్‌లో నోటితో చెప్పి, నెల తిరిగి, ఆ తర్వాత వకీలు దగ్గరకొచ్చేసరికి చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు.

ఫిర్యాదు రాసే తీరులోనే సగం కేసులు పోతున్నాయి. ‘అతను నన్ను చాలా ఇబ్బంది పెడుతున్నాడు, తగు న్యాయం చేయగలరు’ అని రెండు పేజీలు రాస్తే అందులో నేరం ఎక్కడా కనిపించదు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ చోట, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు, పోయిందేమిటి, దాని విలువెంత. ఇవి మొదటి పేరాలోనే ఉండాలి. దగ్గర్లో సీసీ కెమెరా ఉంటే ఏ షాపుదో రాసి, ఫుటేజీ భద్రపరచమని అదే కాగితంలో అడగండి, కొద్ది రోజుల్లోనే అది చెరిగిపోతుంది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

‘సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లు’ అని పంపించేస్తే అది ప్రతిసారీ అబద్ధం కాదు. చేబదులు తీసుకున్నవాడు తిరిగి ఇవ్వకపోవడం ఒక్కటే మోసం కాదు. తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపగలగాలి. చూపలేకపోతే అది దావా వేసుకోవాల్సిన బాకీ, సాధారణంగా మూడేళ్ల కాలపరిమితితో. ఈ మెసేజ్ నమ్మి స్టేషన్ చుట్టూ తిరుగుతూ ఆ మూడేళ్లూ దాటబెట్టుకుంటే ఆ నష్టం ఎవరు తీరుస్తారు? మామూలు దెబ్బలు, పరువు నష్టం, మొదటిసారి చేసిన 5,000 రూపాయల లోపు దొంగతనం, ఇవి మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాలు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎస్‌ఐకి జైలా బెయిలా అన్న చర్చ కాదు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో పోతుంది.

ఆడవాళ్ల అరెస్టు పాయింటూ తక్కువ ప్రమాదం కాదు. గడియారంలో ఆరుతో సంబంధం లేదు. నాగరిక్ సురక్షా సంహిత 43(5) చెప్పేది సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అని. ‘అసాధారణ పరిస్థితుల్లో తప్ప’ అని కూడా అందులోనే ఉంది. అలాంటప్పుడు మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా కారణాలు పెట్టి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. తీసుకోకపోతే అరెస్టు దానంతటదే చెల్లకుండా పోదని 2025లో మద్రాసు హైకోర్టు అంది, అయితే ఎందుకు పాటించలేదో ఆ అధికారి వివరణ ఇవ్వాలి. కాబట్టి తలుపేసుకుని ‘రేపొద్దున రండి’ అనడం కాదు చేయాల్సింది. అనుమతి కాగితం చూపమనండి. వచ్చినవాళ్ల పేరు పట్టీలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో, ఆ వీధి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయినవాళ్లూ చేయాలి, టైము సరిగ్గా వేశారో చూసుకునే సంతకం పెట్టండి. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాల్సిన లెక్క ఆ టైము నుంచే నడుస్తుంది, ప్రయాణ సమయం అందులో కలవదు.

ఈ పాయింటు నమ్మి చేసే ఇంకా పెద్ద తప్పు మరొకటి ఉంది. సాక్షిగా పిలిస్తే మహిళ స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు, 179వ సెక్షన్ ప్రకారం వాళ్లే ఇంటికి రావాలి. 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లకూ అంతే. కానీ 35(3) కింద హాజరు కమ్మనే నోటీసు అందుకున్నది ముద్దాయిగా అయితే వెళ్లి తీరాలి. ‘ఆడవాళ్లను పిలవకూడదట’ అని ఇంట్లో కూర్చుంటే, నోటీసు పాటించలేదన్నదే అరెస్టుకు కారణమవుతుంది. వాట్సాప్ మెసేజ్‌ను మేజిస్ట్రేటుకు చూపించి బెయిలడగలేరు కదా! నోటీసు చేతికి రాగానే దాని మీద ఏ సెక్షన్ రాసుందో చూడండి, ఆ ఒక్క అంకెతో సగం జవాబు దొరుకుతుంది.

గర్భిణి ఉద్యోగం. తీసేయడం చట్టవిరుద్ధమన్నది నిజం. మూడేళ్ల జైలు అబద్ధం, 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే గరిష్ఠ శిక్ష ఏడాది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. 26 వారాల సెలవు, ఇద్దరు పిల్లలున్నవాళ్లకు 12 వారాలు, అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలన్న షరతు అలాగే ఉన్నాయి. తొలగిస్తే ఆ ఉత్తర్వు అందిన 60 రోజుల్లో అప్పీలు చేయాలి. ఆచరణలో కంపెనీలు తొలగించవు, ‘మీరే రిజైన్ చేయండి, మంచి లెటర్ ఇస్తాం’ అంటాయి. ఆ కాగితం మీద సంతకం పెడితే అది తొలగింపు కాదు, రాజీనామా. పెట్టకండి. గర్భవతినన్న సంగతి, సెలవు తేదీలు ఈమెయిల్లో తెలియజేసి ఉంచండి.

ఎమ్మార్పీ పాయింటు సరైనదే. కూలింగ్ చార్జీ పేరుతో షాపువాడు రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నా తప్పే. కానీ కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్లు నీళ్ల సీసాకు ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

మిగిలింది ‘లాయర్లు మీకు చెప్పరు’ అన్న మాట. దీన్ని కొట్టిపారేయాలనే అనుకున్నాను, కుదరలేదు. ‘నన్ను తీసేయొచ్చా సార్?’ అని అడిగితే మా వకీళ్లం ‘కేసును బట్టి ఉంటుంది, కాగితాలు తీసుకురండి’ అంటాం. ఆ మాట నిజమే. నోటీసు ఏ సెక్షనుదో, ఉద్యోగంలో ఎన్ని రోజులున్నారో చూడకుండా హక్కుందని చెప్పడం మోసం. కానీ దేన్ని బట్టి ఉంటుందో కూడా చెప్పాలి, అక్కడే మనవాళ్లు ఆగిపోతున్నారు. ఆ ఖాళీలోకే ఈ మెసేజ్ దూరింది. ఫీజు మాట పక్కనపెట్టినా, అడిగినవాళ్లకు మూడు సంగతులైనా చెప్పి పంపొచ్చు: ఏ కాగితం కావాలి, ఎన్ని రోజుల గడువుంది, ఈలోగా దేని మీద సంతకం పెట్టకూడదు.

వకీలుకు డబ్బు లేనివాళ్లకు ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ, ఆధార్ కాపీ, కుల ధ్రువీకరణో నోటీసో ఏదుంటే అది తీసుకుని, పని రోజున పొద్దున్నే వెళ్లండి.