రెండింటినీ ఒకే మేకుకు తగిలించొద్దు

పోయిన నెల మన సంఘం సమావేశంలో పెద్ద పిల్లలతో దేవుడి గురించి ఒక చర్చ పెట్టుకున్నాం, వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మొదటి పావుగంట బాగానే నడిచింది. పదహారేళ్ళ అమ్మాయి ఒకతె లేచి, "నాకు దేవుడి మీద నమ్మకం లేదండీ" అంది నెమ్మదిగా. వెనక వరసలోంచి ఒక పెద్దాయన వెంటనే, "దేవుడంటే భయం లేకపోతే రేపు నువ్వు తప్పు చెయ్యవని ఏంటమ్మా గ్యారంటీ?" అన్నారు. కోపంతో అనలేదు, నిజంగా బెంగపడే అన్నారు. ఆ పిల్ల మాత్రం మైకు బల్ల మీద పెట్టేసి కూర్చుంది. ఆ తర్వాత గంటసేపు పెద్దవాళ్ళమే అరుచుకున్నాం, దేవుడున్నాడని కొందరు, లేడని కొందరు. పిల్లలు ఒక్కరూ నోరు విప్పలేదు.

నేను దేవుణ్ణి నమ్ముతాను. రోజూ ప్రార్థన చేసుకోందే పడుకోను. అయినా ఆ ప్రశ్న అడగకూడనిదని గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను, ఎందుకంటే అందులో దేవుడి గురించి ఏమీ లేదు, ఎదుటి మనిషి మీద అపనమ్మకం తప్ప.

ఈ అపనమ్మకం ఇవాళ్టిది కాదు. మత సహనం గురించి అంత గొప్పగా రాసిన ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ కూడా 1689లో నాస్తికుల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. దేవుణ్ణి కాదన్నవాణ్ణి మాట, ఒప్పందం, ప్రమాణం ఏవీ కట్టి ఉంచలేవు కాబట్టి వాళ్ళని సహించనక్కర్లేదన్నాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా అదే వరస. చార్లెస్ బ్రాడ్లా 1880లో నార్తాంప్టన్ నుంచి బ్రిటన్ పార్లమెంటుకి గెలిచాడు, నాస్తికుడు కాబట్టి దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేస్తానన్నాడు, కుదరదన్నారు. సరే మీ పద్ధతిలోనే చేస్తానన్నా ఒప్పుకోలేదు. జనం మళ్ళీ మళ్ళీ ఆయన్నే గెలిపించి పంపినా, సభలో కూర్చోవడానికి 1886 దాకా పట్టింది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఒకాయన నోటరీగా నియమితుడై, దేవుణ్ణి నమ్ముతున్నానని ప్రకటించనన్నందుకు ఆ పని పోగొట్టుకున్నాడు. కాయితాల మీద ముద్ర వేసే పనికి! 1961లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. మన దగ్గర ఆ గొడవ లేకుండా భారత రాజ్యాంగమే దేవుడి పేరిటా ప్రమాణం చెయ్యొచ్చు, ఆ పేరు లేకుండానూ చెయ్యొచ్చు అని రెండు దారులూ ఉంచింది. చట్టాలు మారాయి సరే, ఆ అమ్మాయిని మనం అడిగింది మాత్రం లాక్ అడిగిందే.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. కిందటి ఏడాది ఒక సాయంత్రం ప్రార్థన ముగించుకుని మా అబ్బాయితో కలిసి బయల్దేరాను. వాణ్ణి క్లాసులో దింపాలి, అప్పటికే ఆలస్యం. కారు వెనక్కి తీస్తుంటే పక్కనున్న బండికి తగిలింది. దిగి చూశాను. తలుపు మీద అరచేయంత గీత, నా బంపర్ మీద వాళ్ళ కారు రంగు. చుట్టూ ఎవరూ లేరు. నా మనసులో వచ్చిన మొదటి ఆలోచన "చిన్నదేలే" అని, రెండోది టైమెంత అయిందని. మళ్ళీ ఎక్కి తాళం తిప్పాను. మావాడు ఏమీ అనకుండా బ్యాగులోంచి నోటుబుక్ తీసి, ఒక కాయితం చింపి, నా ఫోన్ నంబరు రాసి, ఆ కారు వైపరు కింద పెట్టి వచ్చి కూర్చున్నాడు. దేవుడు లేడని అంతకు ఆరు నెలల ముందే నాకు చెప్పినవాడు వాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ వీడేమైపోతాడో అని నిద్రపట్టని తల్లిని నేను.

నాలాంటివాళ్ళ గురించి చాలా ముందే ఒక ప్రయోగం జరిగిందని తర్వాత తెలిసింది. డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మంది విద్యార్థులతో చేసి 1973లో ప్రచురించారు. ఒక్కొక్కరినీ పక్క భవనానికి వెళ్ళి ప్రసంగం చెయ్యమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం, దారిలో పడి ఉన్న మనిషిని ఆదుకున్న బైబిల్లోని మంచి సమరయుని కథే. దారిలో నిజంగానే ఒక మనిషి మూలుగుతూ, దగ్గుతూ గుమ్మం దగ్గర కూలబడి ఉండేలా ఏర్పాటు చేశారు. తొందర లేనివాళ్ళలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు, బాగా ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్ళలో 10 శాతం మందే చేశారు. వాళ్ళ భక్తి ఎలాంటిదన్న దాన్ని బట్టి ఎవరు ఆగుతారో ఎవరు ఆగరో చెప్పడం కుదరలేదు. చెప్పబోయే కథ ఏదన్నది కూడా పెద్ద తేడా తేలేదు. ఇది చదివినప్పుడు నాకు ఆ సాయంత్రం తాళం తిప్పిన చెయ్యి గుర్తొచ్చింది.

దీన్ని బట్టి నాస్తికులే మంచివాళ్ళని నేననను. నాకు తెలిసిన ఒకాయన, ఏ మూఢనమ్మకమూ లేని మనిషి, భర్త పోయి పది రోజులు కూడా కాని ఆవిడ "ఆయన దేవుడి దగ్గర హాయిగా ఉన్నారు" అని తనకి తాను చెప్పుకుంటుంటే, "అలాంటిదేమీ ఉండదండీ, నిజాన్ని ఎదుర్కోవాలి" అన్నాడు. అది నిజాయితీ అనుకున్నాడాయన. ఆవిడ ముఖం చూసినవాళ్ళెవరూ అలా అనుకోలేదు. "మీరు నరకానికి భయపడి మంచిగా ఉంటారు, మేము మంచి కోసం మంచిగా ఉంటాం" అనే మాటా అన్యాయమే. మా అమ్మ జీవితమంతా ఎవరికి ఏం చేసినా లెక్క రాసుకున్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. పిల్లలకి చిన్నప్పుడు "అబద్ధమాడితే దేవుడు కళ్ళు పోగొడతాడు" అంటాం. అనడం తేలిక, పిల్లాడు వెంటనే మాట వింటాడు. కానీ అలా నీతినీ దేవుణ్ణీ ఒకే మేకుకు తగిలించేస్తున్నాం. పద్నాలుగో ఏటో పదహారో ఏటో వాడు ఆ మేకు పీకేసుకుంటాడు, చాలామంది పీకుతారు, అప్పుడు రెండూ కిందపడతాయి. అబద్ధం ఎందుకు ఆడకూడదో, ఆడితే అవతలి మనిషికి ఏం జరుగుతుందో మనం ఎప్పుడూ చెప్పలేదు మరి. పాపం అన్నాం, అంతే.

మంచి పని దేవుళ్ళకి ఇష్టం కాబట్టి మంచిదయిందా, మంచిది కాబట్టే వాళ్ళకి ఇష్టమా అని సోక్రటీస్ అడిగాడంటారు. మనవాళ్ళు ఇంకో దారిలో అక్కడికే వచ్చారు. వేదాలు చెప్పిన కర్మల గురించి విచారించిన పూర్వమీమాంసకులు ధర్మం గురించి అంత చర్చ చేసి, లోకాన్ని సృష్టించిన ఈశ్వరుడు ఒకడుండాలని మాత్రం ఒప్పుకోలేదు, అయినా వాళ్ళని ఆస్తికులనే అన్నారు. వేదాన్ని నిందించేవాడే నాస్తికుడని మనుస్మృతి మాట. అంటే ఆ రెండు మాటలకీ ఇవాళ మనం చెప్పుకునే అర్థమే పాతకాలంలో లేదు.

మన గోరా గారి కథ పిల్లలకి తప్పకుండా చెప్పాలని నా ఆశ. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మనిషి, గాంధీతో కలిసి అంటరానితనం మీద పనిచేశారు. తన కూతుర్ని దళిత యువకుడికిచ్చి పెళ్ళి చేద్దామనుకుంటే, సేవాగ్రామంలో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నారు, ప్రమాణంలో దేవుడి పేరుకి బదులు సత్యం అని ఉంచడానికి కూడా. 1948 జనవరిలో గాంధీని చంపేశారు. మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామంలోనే జరిగింది. అంత భక్తుడు, అంత నాస్తికుడు, ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళని మార్చలేకపోయారు, దానికోసం పని ఆపుకోనూలేదు.

నా నమ్మకం నాకేమిస్తుందంటే, రోజుకొకసారి కళ్ళు మూసుకుని నన్ను నేను చూసుకునే వేళ. ఆ కారు సంగతి ఆ రాత్రి ప్రార్థనలో ఎంత సిగ్గనిపించిందో మాటల్లో చెప్పలేను. నమ్మకం లేనివాళ్ళకి అలాంటి వేళ ఎక్కడ దొరుకుతుందని మావాణ్ణి అడిగాను, వెటకారంగా కాదు. కాసేపు ఆలోచించి, "నాకు రాత్రి నిద్ర పట్టనప్పుడు అవన్నీ వస్తాయమ్మా" అన్నాడు.

వచ్చే సమావేశంలో ఆ చర్చ మళ్ళీ పెట్టమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. దేవుడున్నాడా లేడా అని కాదు. "ఈ మధ్య నువ్వు చేసిన తప్పేంటి, తప్పని నీకెలా తెలిసింది, తర్వాత ఏం చేశావు?" అని. ముందు పెద్దవాళ్ళు చెప్పాలి, పిల్లలు వినాలి, ఆ తర్వాతే వాళ్ళకి మైకు. మొదట నేను లేచి కారు సంగతి చెప్తాను. ఆ అమ్మాయిని కూడా ఎవరైనా దయచేసి పిలవండి.