పిల్లలు వాయిదాల కోసం ఆగరు

విడిపోయిన దంపతుల బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో ఎన్నాళ్లలో తేల్చాలి? హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌కు 2001లో ఒక నిబంధన చేర్చారు. కేసు నడుస్తుండగా పిల్లల పోషణ, చదువు కోసం వేసే పిటిషన్‌ను నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, పరిష్కరించాలని అది చెబుతోంది. బిడ్డ సంరక్షణ ఆ 60 రోజుల మాటలో లేదు. బడి ఫీజుకు గడువు ఉంది. బిడ్డ ఏ ఇంట్లో నిద్ర లేవాలన్నదానికి లేదు. కుటుంబ న్యాయస్థానాల్లో పిల్లలకు జరుగుతున్న నష్టంలో చాలా భాగం ఇక్కడే మొదలవుతోందని మా నమ్మకం.

ఆలుమగలు విడిపోయిన రోజు బిడ్డ ఎవరి దగ్గరుంటే సాధారణంగా వారి దగ్గరే ఉండిపోతుంది. రెండోవారు పిటిషన్ వేస్తారు. నోటీసు, కౌంటరు, కౌన్సెలింగ్, ఆపైన వాయిదాలు. మూడేళ్ల పాప ఈలోగా బడిలో చేరుతుంది, స్నేహితులు ఏర్పడతారు, రెండోవారి ముఖం మసకబారుతుంది. చివరికి వాదనల రోజున ‘బిడ్డ ఇక్కడ అలవాటు పడింది, ఇప్పుడు కదిపితే తట్టుకోలేదు’ అంటారు. అది అబద్ధం కాదు. న్యాయమూర్తి దాన్ని కాదనలేరు కూడా. కానీ ఆ అలవాటును చేసిపెట్టింది కోర్టు జాప్యమే. బిడ్డను చూపించకుండా దాచినవారికి ప్రతి వాయిదా ఒక లాభం. చూడాలని తపించేవారికి అది తిరిగిరాని నెల.

మధ్యంతర ఉత్తర్వుగా దక్కేది చాలాసార్లు వారానికో, పదిహేను రోజులకో ఒకటి రెండు గంటల సందర్శన. అదీ ఎక్కడ? అనేకచోట్ల కోర్టు ఆవరణలోనే. వకీళ్లు, కక్షిదారులు, పోలీసులు తిరిగే వరండాలో ఒక బెంచీ మీద కూర్చుని కన్నబిడ్డకు అన్నం తినిపించాల్సి వస్తోంది. కాస్త దూరంలో అమ్మమ్మో నానమ్మో కళ్లార్పకుండా చూస్తుంటే ఆ బిడ్డ నవ్వడానికి కూడా జంకుతుంది. ఎవరికి నవ్వితే ఎవరికి కోపమో పిల్లలకు మనకంటే ముందే తెలుస్తుంది. ఇక ‘జ్వరం వచ్చింది’, ‘పరీక్షలున్నాయి’ అంటూ ఆ గంటను కూడా ఎగ్గొట్టేవారు తల్లుల్లోనూ ఉన్నారు, తండ్రుల్లోనూ ఉన్నారు.

పిల్లలు ఒకరి నుంచి మరొకరికి విసిరే వస్తువులు కారని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. నేరుగా కలవలేనప్పుడు ఫోన్‌లో, వీడియో కాల్‌లో మాట్లాడే అవకాశమైనా ఇవ్వాలంది. ఒకరు అమెరికాలో, ఒకరు విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు ఈ మాట ప్రాణాధారం. పిల్లలను దేశం దాటించడంపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందుకే విదేశీ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఇక్కడ పరిశీలించే అంశాల్లో ఒకటే తప్ప, దానంతటదే అమలు కాదు.

చట్టం మాటకొస్తే, సంరక్షకులు, మైనర్ల చట్టం 1890 నాటిది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకుడిగా తండ్రిని, ‘ఆ తరువాత’ తల్లిని పేర్కొంటుంది. అయిదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. ఆ ‘తరువాత’ను తండ్రి మరణానంతరం అని మాత్రమే చదవకూడదని 1999లో సుప్రీంకోర్టు సరిదిద్దింది. ఇద్దరికీ సమాన హోదా ఇవ్వాలని, ఉమ్మడి సంరక్షణకు చట్టంలో చోటు కల్పించాలని, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 2015 మేలో తన 257వ నివేదికలో కోరింది. పార్లమెంటు దాన్ని ఇకనైనా చేతికి తీసుకోవాలి.

‘నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?’ అని చుట్టాలు ముద్దుగా అడిగితే పిల్లలు ‘ఇద్దరూ’ అంటారు. కోర్టులో అదే ప్రశ్నకు ఆ జవాబు చెల్లదు. అందుకే అడిగే తీరు తెలిసినవారు అడగాలి. 2025 జులైలో సుప్రీంకోర్టు 12 ఏళ్ల బాలుడి విషయంలో తన పాత ఉత్తర్వును తానే వెనక్కి తీసుకుని, అతణ్ని తిరిగి తల్లికి అప్పగించింది. తండ్రి దగ్గరకు వెళ్లాలన్న ఉత్తర్వు ఆ పిల్లాణ్ని ఎంత ఆందోళనకు గురిచేసిందో మానసిక నిపుణుల నివేదికలు చూపాయి. అత్యున్నత న్యాయస్థానం తన నిర్ణయాన్ని మార్చుకోవడాన్ని మేం గౌరవిస్తున్నాం. అయితే ఆ నిపుణుల మాట మొదటి మెట్టు దగ్గరే వినపడి ఉంటే ఆ బాలుడికి అంత వేదన ఉండేది కాదేమో. నిపుణుల సాయం తీసుకునే వీలు 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, హైకోర్టులు ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా చేయగలిగింది చాలా ఉంది. ప్రతి కుటుంబ న్యాయస్థానానికీ ఒక పిల్లల మానసిక నిపుణుణ్ని శాశ్వతంగా నియమించాలి. సందర్శనకు కోర్టు వరండా కాకుండా బొమ్మలు, పుస్తకాలు, తలుపు ఉన్న గది కావాలి. కారణం లేకుండా బిడ్డను చూపించనివారిని, పోయిన గంటలను మరో రోజు కలిపి ఇవ్వాలని ఆదేశించాలి. సంరక్షణ పిటిషన్‌లో మొదటి సందర్శన ఉత్తర్వు 60 రోజుల్లోపే రావాలి. సంక్రాంతికో వేసవికో బిడ్డను ఇంటికి పంపమని వేసిన పిటిషన్ ఆ సెలవులు మొదలయ్యేలోపే తేలాలి.