చెదలు తినని కవరు

జూన్ నెల తొలి వానకు మా ఇంటి ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్లు ముసిరినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. విజయవాడలో ఏటా జరిగే తంతే గదా అని హాల్లో దీపం ఆర్పి, వరండాలో దీపం వేసి, అవన్నీ అటు పోయేదాకా చీకట్లో కూర్చుని ఉప్మా తిన్నాను. తెల్లవారి మా ఆవిడ గది మూల నుంచి చేటెడు రెక్కలు ఊడ్చి ఎత్తుతూ, "ఇవి కిటికీలోంచి వచ్చినవి కావండీ, తలుపు చెక్క సందులోంచి బిలబిలమని వచ్చాయి, నేను కళ్లారా చూశాను" అన్నది. బయటి నుంచి వచ్చే ఉసిళ్లు అతిథులనీ, ఇంట్లోంచే పుట్టుకొచ్చే ఉసిళ్లు వాటాదారులనీ నాకు అప్పటికి తెలియదు. రెక్కలొచ్చిన చెదపురుగులు ఒక చోటు నుంచి బయలుదేరాయంటే, అక్కడి సంసారం ఏళ్ల తరబడి సుఖంగా సాగి, పిల్లల చేత వేరు కాపురాలు పెట్టించే స్థితికి వచ్చిందన్న మాట.

వారం తిరగకుండానే ద్వారబంధం పక్కన గోడ మీద పెన్సిలు లావున ఒక మట్టి గీత కనిపించింది. పిల్లలెవరో బురదచేత్తో గీశారనుకుని గీకేశాను. రెండు రోజులకు అదే చోట, అంతే లావున, అంతకంటే జానెడు పొడవున మళ్లీ మొలిచింది. మూడోసారి కళ్లజోడు పెట్టుకుని, టార్చిలైటు పట్టుకుని, గోడ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. పుల్లతో ఆ మట్టి గొట్టాన్ని గోరంత మేర పగలగొట్టగానే, లోపల బియ్యపు నూకల్లాంటి తెల్లని పురుగులు గాలి సోకి వెనక్కి తగ్గాయి. తేనె రంగు తలా, కొడవళ్లలాంటి కోరలూ ఉన్న జవాను ఒకడు వచ్చి, ఆ కంతకు తన తలనే తలుపుగా పెట్టి నిలబడ్డాడు. అతని వెనుక కూలీలు ఒక్కొక్కటే ఇంత మట్టి ముద్దను నోట కరుచుకుని వచ్చి, ఉమ్మితో తడిపి, కంత అంచున అతికించి, చోటు వదిలి తిరిగి పోసాగాయి. వాటికి కళ్లు లేవు, మేస్త్రీ లేడు, మధ్యలో టీ లేదు. ఈ ఇల్లు కట్టించిన ఎనిమిది నెలల్లో నేను అంతటి శ్రద్ధగల పనిని ఒక్క పూట కూడా చూసి ఎరుగను గనుక, కాసేపు కోపం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాను.

వాటికి ఆ గొట్టం సోకు కోసం కాదు. చెదపురుగు చర్మం ఎంత పలచనిదంటే ఆరుబయట కాసేపు ఉంటే చాలు, ఒంట్లో తడి ఆరి చచ్చిపోతుంది. అందుకని భూమిలోని చీకటినీ చెమ్మనూ గొట్టంలో పెట్టుకుని మన గోడ మీదికి ఎక్కుతుంది. "చీమలు పెట్టిన పుట్టలు" అని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం గానీ ఆ పుట్టలు పెట్టినవి చీమలు కావు, చెదలే. పైగా చెదలు చీమలకు చుట్టాలు కావు, బొద్దింకలకు చుట్టాలు. చీమలు వాటికి ఆగర్భశత్రువులు. పేరు చీమలకూ, ఇల్లు పాములకూ పోయినా నోరు మెదపకుండా పని చేసుకుపోయే జీవిని ఏమని తిట్టను?

ఎదురింటి మాస్టారు మాత్రం తిట్టుకు బదులు కిరసనాయిలు పొయ్యమన్నారు. ఆయన చిన్నతనంలో గమాక్సిన్ పొడి చల్లేవారట. దాన్ని ఏనాడో నిషేధించారని చెబితే, మంచి మందులన్నీ నిషేధిస్తారని విసుక్కున్నారు. కిరసనాయిలు పడ్డ పురుగు చచ్చిన మాట నిజమే. కానీ రాణి గారు ఎక్కడో భూమి లోపల వేలంత పొడవున పడుకుని, రోజుకు వేల గుడ్లు పెడుతూ ఉంటే, నేను సీసా పట్టుకుని గోడ మీద పది మందిని చంపి సాధించేదేమిటి? మూడు రోజులు ఇల్లంతా కిరసనాయిలు కంపు కొట్టింది, నాలుగో రోజున గొట్టం గడప అవతల లేచింది.

ఇక లాభం లేదని చెదల మందు కొట్టే కుర్రవాణ్ణి పిలిపించాము. అతను గోడల వెంట వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లి, ద్వారబంధం దగ్గర డొల్ల చప్పుడు రాగానే వైద్యుడు నాడి దొరకబుచ్చుకున్నట్టు తల పంకించాడు. నేల, గోడ కలిసేచోట అడుగుకొకటి చొప్పున అర అంగుళం రంధ్రాలు చేసి, ఒక్కోదానిలో లీటరు మందు నీళ్లు పోసి, తెల్ల సిమెంటుతో మూసేస్తానన్నాడు. ఈ సంగతి నేను ముందురోజు రాత్రే చదువుకుని ఉన్నాను గనుక, భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 6313 మూడో భాగంలో ఉన్నది అదేనని చెప్పి నా పాండిత్యం ప్రకటించాను. "అవును సార్, సామాన్లన్నీ గోడకు దూరంగా జరపాలి, ముందు ఆ బీరువా పట్టండి" అన్నాడతను. నా పాండిత్యం అక్కడితో ఆగిపోయింది.

ఆ బీరువా వెనుక ఏమున్నదో లోకంలో నా ఒక్కడికే తెలుసు. మూడేళ్ల క్రితం, మండు వేసవిలో, మా అమ్మాయి పెళ్లి శుభలేఖలు తెనాలిలో మా ఆవిడ తరఫు వాళ్లకు పంచి రమ్మని నలభై నాకు అప్పగించారు. పాతిక పంచేసరికి ఎండకు కళ్లు తిరిగి, మిగిలినవి మర్నాడు ఇద్దామని తిరుగు రైలెక్కాను. ఆ మర్నాడు రాలేదు. "అందరికీ ఇచ్చారా?" అన్న ప్రశ్నకు "ఇచ్చాను" అనడం తేలిక గనుక అలాగే అని, ఆ కట్టను బీరువా వెనుక జారవిడిచాను. ఆ పదిహేనులో ఒకటి మా ఆవిడ పెద్దమ్మగారిది. ఆవిడ ఫోనులో పిలిస్తే వచ్చే మనిషి కాదు; పెళ్లికి రాలేదు. పిలవలేదన్న మాట తెనాలిలో ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి పాకి గంగానమ్మపేట అంతా నిండింది. "మా ఆయన ఎండలో ఇంటికి వచ్చి కార్డు ఇచ్చినా బెట్టు చేసింది" అని మా ఆవిడ మూడేళ్లుగా పెద్దమ్మగారితో మాట మానేసింది.

"ఆ బీరువా వదిలెయ్యి బాబూ, అది టేకు, చెద పట్టదు" అన్నాను. ఎక్కడ ఒక్క అడుగు వదిలినా ఆ సందులోంచే దారి చేసుకుంటాయని అతను, టేకైతే మరీ మంచిది, జరిపితే ఏమవుతుందని మా ఆవిడ, ఇద్దరూ చెరోవైపు పట్టారు. టేకులోనూ చేవ ఉన్న నడిమి కర్రను మాత్రమే చెదలు ముట్టవు, పైనుండే తెల్ల చెక్కను హాయిగా తింటాయి. మా బీరువాకు ముందు తలుపులు టేకే గానీ, వెనుక చెక్క ప్లైవుడ్ అని నాకు అప్పుడే తెలిసింది. జరపగానే అది అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది. దాని వెనుక గోడ మీద మట్టి కోటలు. వాటి కింద నా కట్ట.

ఆ క్షణంలో నేను చెదల పక్షాన నిలిచానని ఒప్పుకుంటున్నాను. మూడేళ్లు! కాగితంలోని పీచు జీర్ణం కావడానికి కొన్ని జాతులకు కడుపులో సూక్ష్మజీవులు సాయపడతాయి. మన పుట్టల చెదలైతే నమిలినదాన్ని పుట్టలోకి మోసుకెళ్లి, దాని మీద ఒక రకం బూజును సాగుచేసి, ఆ పంటను తింటాయి. వానాకాలంలో పుట్టల మీద గొడుగులు విప్పే ఆ పుట్టగొడుగులు అచ్చంగా ఆ తోటలో పంటే. అంతటి సేద్యం తెలిసినవాళ్లు పదిహేను శుభలేఖలను నామరూపాలు లేకుండా చేసి ఉంటారని ఆశపడ్డాను. చేశారు కూడా, పసుపు రాసిన అంచులతో సహా, సపరివార సమేతంగా విచ్చేయమన్న వాక్యంతో సహా భోంచేశారు. కానీ అందంగా ఉంటుందని నేనే బేరమాడి కొన్న పారదర్శకపు ప్లాస్టిక్ కవర్లు మాత్రం చెక్కుచెదరలేదు. కుర్రవాడు ఒకదాన్ని దులిపి వెలుగులోకి ఎత్తాడు. లోపల పుట్టమన్ను, పైన మార్కర్ పెన్నుతో, మా ఆవిడ చేతిరాతతో, పెద్దమ్మగారి పేరు, తెనాలి చిరునామా.

"ప్లాస్టిక్ వాటికి అరగదు సార్" అన్నాడతను, నన్ను ఓదారుస్తున్నట్టు.

మా ఆవిడ ఏమీ అనలేదు. కవరు తీసుకుని పమిట చెంగుతో తుడిచి, చేతిసంచిలో పెట్టుకున్నది. ఆ తరువాత డ్రిల్లింగ్ మిషను గోడల వెంట గీపెట్టింది, మందు నీళ్లు రంధ్రాల్లోకి గుటకలు వేస్తూ దిగాయి, నేను బావి దగ్గర మందు పడకుండా చూసే మిషతో పెరట్లో నిలబడ్డాను. కుర్రవాడు వచ్చి ఇమిడాక్లోప్రిడ్ గొప్పతనం చెప్పాడు. ఆ మందు ఉన్నట్టు చెదలకు తెలియదట. దాని మీదుగా నడిచిన కూలీ వెంటనే చావకుండా గూటికి వెళ్లి, ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకునేటప్పుడు, నోటి నుంచి నోటికి మేత అందించుకునేటప్పుడు మిగతావాటికి అంటిస్తుందట. ఒక నోటి నుంచి మరో నోటికి పాకితే ఎంత దూరం పోతుందో నాకు అతను చెప్పనక్కర లేదు. మందు ఆరేదాకా, కిటికీలు తీసి పెట్టి, సాయంత్రం వరకు ఎక్కడికైనా వెళ్లి రండని చెప్పాడు.

"తెనాలి వెళదాం" అన్నది మా ఆవిడ. రైల్లో ముప్పై కిలోమీటర్లూ మాట లేదు.

పెద్దమ్మగారు వసారాలో పడక కుర్చీలో ఉన్నారు. మా ఆవిడ పాదాలకు నమస్కరించి, కవరు చేతికిచ్చి, నా వైపు చూపించి ఊరుకున్నది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని పేరు చదువుకుని, కవరును అరచేతిలో బోర్లించింది. పిడికెడు మట్టి పడింది. దాన్ని రెండు వేళ్లతో నలిపి, వాసన చూసి, నన్ను దగ్గరకు పిలిచింది.

"శుభలేఖతో పాటు పాలికలకు పుట్టమన్ను కూడా తెచ్చావే, బాగుంది. ముహూర్తం ఎప్పుడు నాయనా?"