పిల్లర్ అచ్చుకు ఆయుష్షు పోసేది ఉక్కు కాదు

కాంక్రీటు పిల్లర్లు పోసే ఉక్కు బాక్సు గురించి అడిగితే, అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది ఒకటే. ఇన్ని వందల సార్లు వాడుకోవచ్చు అని. చెక్క పలకలైతే కొద్దిసార్లకే అంచులు చిట్లుతాయి, మంచి ప్లైవుడ్ అయితే కొన్ని పదుల సార్లు వస్తుంది, ఉక్కు మాత్రం వందలు దాటుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే నలభై పోతలకే అంచులు వంగి, మూలన పడి తుప్పు పడుతున్న బాక్సులు కూడా ఉంటాయి. అవీ అదే మందం ప్లేటుతో, అదే రకం వెల్డింగుతో చేసినవే. మరి ఒకటి వందలు దాటి, ఇంకొకటి నలభై దగ్గర ఎందుకు ఆగింది? నా ఉద్దేశంలో జవాబు లోహంలో లేదు. కొంత ఇంజినీరు గీసిన డ్రాయింగులో ఉంది, మిగతాది బాక్సు విప్పేవాడి సుత్తిలో ఉంది.

ముందు ఒక పాత సంగతి. కాంక్రీటు అచ్చు పనికి మనం రోజూ వాడే సెంట్రింగ్ అనే మాట కాంక్రీటుతో పుట్టింది కాదు. రాతి కమాను కట్టేటప్పుడు, అది తన బరువు తాను మోసుకునేదాకా కింద నిలబెట్టే చెక్క చట్రానికి ఆ పేరు. 1906లో అమెరికాలో జేకబ్ బ్లా పెట్టిన కంపెనీ పేరులోనే 'కొలాప్సిబుల్ స్టీల్ సెంటరింగ్' అని ఉంది, అంటే ముడిచి బయటికి తీయగలిగే ఉక్కు సెంట్రింగ్. అదే ఏడాది మినియాపొలిస్‌లో సి.ఎ.పి. టర్నర్ అనే ఇంజినీరు బీములు లేని శ్లాబును, పైన పుట్టగొడుగులా విచ్చుకునే పిల్లర్ల మీద నిలబెట్టాడు. అలా విచ్చుకున్న తలను పలకలతో చేయమంటే వడ్రంగికి చుక్కలు కనిపిస్తాయి. రేకును గరాటాలా చుట్టడం దానికన్నా ఎంతో తేలిక. ఆ తరహా గోదాములు, ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ గుండ్రటి పిల్లర్లకూ వాటి తలలకూ రేకు అచ్చులు అక్కడ మామూలైపోయాయి. పిల్లర్ ఏ ఆకారంలో ఉండాలో చాలాసార్లు అచ్చే నిర్ణయిస్తుంది. పాత కట్టడాల్లో ఎనిమిది పలకల పిల్లర్లు కనిపిస్తే అది అందం కోసమే అనుకోనక్కర్లేదు. గుండ్రానికి దగ్గరగా పలకలతో చేయగలిగింది అదే అయి ఉండొచ్చు.

ఇక అసలు విషయం, ఒత్తిడి. పచ్చి కాంక్రీటు ఒక క్యూబిక్ మీటరు సుమారు 2,400 కిలోలు ఉంటుంది. బిగిసేదాకా అది నీళ్లలాగే పక్కలకు తోస్తుంది, నీటికి దాదాపు రెండున్నర రెట్ల బరువుతో. పొడవాటి గోడకు పోసేటప్పుడు కాంక్రీటు మెల్లగా పైకి లేస్తుంది కాబట్టి పైభాగం నిండేసరికి అడుగుభాగం కొంత బిగుసుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది. పిల్లర్‌కు ఆ వెసులుబాటు లేదు. 300 మి.మీ. చదరం, 3 మీటర్ల ఎత్తు ఉన్న పిల్లర్‌లో పట్టే కాంక్రీటు 0.27 క్యూబిక్ మీటర్లే. పంపుతో పోస్తే కొన్ని నిమిషాల్లో నిండిపోతుంది. అడుగున ఉన్నదీ పచ్చిదే, పైన ఉన్నదీ పచ్చిదే. అప్పుడు అడుగున చదరపు మీటరుకు దాదాపు 7.2 టన్నుల ఒత్తిడి వస్తుంది. అదే బాక్సులో ఒక్క పక్క ప్లేటు తీసుకుని, దాని కింది మీటరు ముక్క మీద లెక్క కడితే 1.8 టన్నులు. ఒక కారు బరువు కన్నా ఎక్కువే.

సైట్లలో తరచూ వినిపించే పొరపాటు మాట ఒకటుంది, 'పిల్లర్ చిన్నదే కదా, రెండు బిగింపులు చాలు' అని. ఒత్తిడి పిల్లర్ వెడల్పును బట్టి రాదు, ఎత్తును బట్టి వస్తుంది. 200 మి.మీ. పిల్లర్ అడుగునా, మీటరు వెడల్పు పిల్లర్ అడుగునా చదరపు మీటరుకు పడేది ఒకటే. చలి కాలంలో కాంక్రీటు ఆలస్యంగా బిగుస్తుంది, బిగుసుకోవడాన్ని ఆలస్యం చేసే రసాయనాలు కలిపినా అంతే, ఒత్తిడి ఎక్కువసేపు నిలుస్తుంది. 1986లో జపాన్‌లో హజిమె ఒకమురా ప్రతిపాదించి, 1988 నాటికి నమూనాగా తయారైన 'తనంతట తానే సర్దుకునే కాంక్రీటు' అయితే మరీ పలచగా పారుతుంది. దానికి కాంక్రీటును అదిరించి సర్దే వైబ్రేటర్ అవసరం ఉండదు గానీ, బాక్సు లెక్కలో పూర్తి ద్రవం కిందే చూడాలి.

ఈ ఒత్తిడిని గుండ్రటి అచ్చు ఒక తీరుగా, చదరపు అచ్చు ఇంకో తీరుగా మోస్తాయి. ఈ తేడా నాకు భలే ఇష్టం. 600 మి.మీ. వ్యాసం, 3 మీటర్ల ఎత్తు గల గుండ్రటి అచ్చులో ప్లేటు వంగదు, పీపా చుట్టూ పట్టీలా సాగదీతకు గురవుతుంది. అడుగున మీటరు ఎత్తుకు వచ్చే లాగుడు సుమారు 2.2 టన్నులు. 3 మి.మీ. ప్లేటులో అది చదరపు మిల్లీమీటరుకు 7 న్యూటన్లకు కాస్త ఎక్కువ. మామూలు ఉక్కు లొంగేది 250 దగ్గర. అంటే కాంక్రీటు కోసమే అయితే అంత మందం అక్కర్లేదు. ఆ మందం మనుషుల కోసం. లారీలోంచి కింద పడేసినా, మీద గొట్టాలు పారేసినా సొట్టలు పడకుండా.

అయితే లాగుడు అంతా వచ్చి పడేది రెండు సగాలు కలిసే అతుకు దగ్గర. ప్లేటు చిరగదు, బోల్టు జారుతుంది. ఒక బోల్టు ఎగ్గొడితే దాని వాటా పక్క బోల్టుల మీద పడుతుంది.

చదరపు బాక్సుది వేరే బాధ. సాపు ప్లేటు సాగదు, వంగుతుంది. రెండు ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంపు పదహారు రెట్లవుతుంది. అందుకే బాక్సు వెనక అంత దగ్గరదగ్గరగా యాంగిళ్లు, అంటే L ఆకారపు ఉక్కు కడ్డీలు, వెల్డింగు చేస్తారు. ఖర్చు తగ్గుతుందని ఒక వరస యాంగిల్ తీసేస్తే, పిల్లర్‌కు కచ్చితంగా పొట్ట వస్తుంది. పొట్టను తర్వాత చెక్కి సరిచేయడం నరకం.

బరువు గురించి కూడా చెప్పాలి. 3 మి.మీ. ఉక్కు ప్లేటు చదరపు మీటరుకు సుమారు 23.5 కిలోలు. మనం చెప్పుకున్న 300 మి.మీ. బాక్సుకు వట్టి ప్లేటే 85 కిలోలు, యాంగిళ్లు కలిస్తే వంద దాటుతుంది. ఇద్దరు మనుషులు మెట్ల మీదుగా పైకి మోసుకెళ్లే సరుకు కాదు. ఉక్కులో మూడోవంతు బరువుండే అల్యూమినియానికి అందుకే గిరాకీ. చేత్తో ఎత్తి అందించుకోవచ్చు. కానీ అల్యూమినియానికి పచ్చి కాంక్రీటులోని క్షారం పడదు. కొత్త ప్లేటు పచ్చి కాంక్రీటుకు తగిలితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది, పిల్లర్ ముఖం మీద బుడగల గుర్తులు మిగులుతాయి. అందుకే కొత్త ప్లేట్లకు ముందుగా పూత వేయడమో, పైపొర పక్వానికి వచ్చేలా చేయడమో తప్పదు.

ఇప్పుడు డ్రాయింగు దగ్గరికి వద్దాం. చాలా చర్చల్లో ఈ ముక్క ఎగిరిపోతుంది. పై అంతస్తులకు వెళ్లేకొద్దీ బరువు తగ్గుతుంది కాబట్టి పిల్లర్ సైజు తగ్గించడం ఇంజినీరుకు సహజంగా తోచే పొదుపు. 450 మి.మీ. చదరం పిల్లర్‌ను 400కు తగ్గించారనుకుందాం. 3 మీటర్ల ఎత్తులో ఒక్కో పిల్లర్‌కు మిగిలేది 0.13 క్యూబిక్ మీటరు కాంక్రీటు, అటూ ఇటూగా 300 కిలోలు. దానికి బదులు ఏం పోతుంది? 450 బాక్సులన్నీ ఆ అంతస్తుతో పనికిరాకుండా పోతాయి. పిల్లర్ మొహం 25 మి.మీ. లోపలికి జరుగుతుంది కాబట్టి బీము అచ్చుల పొడవు మారుతుంది, శ్లాబు పలకల్లో పిల్లర్ కోసం కోసిన గంట్లు మారతాయి. పనివాళ్లు కొత్త కొలత అలవాటు చేసుకునేదాకా మొదటి నాలుగు రోజులు నత్తనడకే. సైజు అలాగే ఉంచి లోపలి రాడ్లు తగ్గించినా, కాంక్రీటు గ్రేడు, అంటే దాని బలం స్థాయి, తగ్గించినా బరువు లెక్క సరిపోతుంది, బాక్సు మాత్రం కింది నుంచి పైదాకా ఒకటే నడుస్తుంది.

లెక్క చూడండి. పది అంతస్తులు, అంతస్తుకు 20 పిల్లర్లు. మొత్తం 200 పోతలు. అన్నీ ఒకే సైజైతే 5 బాక్సులు చాలు, ఒక్కోటి 40 సార్లు తిరుగుతుంది. మూడు సైజులు చేస్తే 15 బాక్సులు కావాలి, ఒక్కోటి తిరిగేది 13 సార్లు. పదమూడు సార్లకైతే ప్లైవుడ్డే చాలు కదా! ఉక్కు అచ్చు దండగ అని తర్వాత తీర్మానించేది ఇలాంటి ప్రాజెక్టులవాళ్లే. ఆ అచ్చును దండగ చేసింది ఎవరో డ్రాయింగు చూస్తే తెలుస్తుంది.

దీనికి మార్కెట్ కనిపెట్టిన మధ్యేమార్గం సర్దుబాటు బాక్సు. నాలుగు ప్లేట్లు గాలిమర రెక్కల్లా ఒకదాని చివర దాటి ఇంకొకటి నిలుస్తాయి, వాటికి 50 మి.మీ. అంతరంలో రంధ్రాలుంటాయి, పిన్ను మార్చితే సైజు మారుతుంది. తెలివైన ఏర్పాటే. కానీ ప్రతి రంధ్రమూ సిమెంటు పాలు కారడానికి ఒక దారి. పక్కలకు పొడుచుకొచ్చే రెక్కల వల్ల గోడకు ఆనుకుని ఉండే పిల్లర్ దగ్గర అసలు పట్టనే పట్టదు. దాన్ని చూసుకుని 'సైజులు ఎన్నైనా పెట్టొచ్చు' అనుకునే డిజైనర్లంటే నాకు కొంచెం భయం.

గుండ్రటి పిల్లర్లు ఆరో ఏడో మాత్రమే ఉంటే లోహం జోలికే పోనవసరం లేదు. మందపు అట్టను మెలికలుగా చుట్టి చేసిన గొట్టాలు ఉన్నాయి. నిలబెట్టి, పోసి, మర్నాడు చింపేయడమే.

ఇక సుత్తి సంగతి. ఉక్కు బాక్సు గొప్ప లాభం వేగం. నిలువు పక్కలను అమెరికన్ మార్గదర్శకాలు 12 గంటలకు, భారత ప్రమాణం ఐఎస్ 456 వాతావరణం మామూలుగా ఉన్నప్పుడు 16 నుంచి 24 గంటలకు విప్పనిస్తాయి. అంటే ఇవాళ పోసిన బాక్సు రేపు ఇంకోచోట నిలబడుతుంది. కానీ ఆ వయసు కాంక్రీటు ఇంకా పసిది, అంచుల దగ్గర మరీను. బోల్టులు పూర్తిగా విప్పి, ప్లేటును కాంక్రీటు నుంచి నేరుగా వెనక్కి లాగితే సులువుగా ఊడివస్తుంది. అలా కాకుండా మూలన గడ్డపార దూర్చి ఎగదోస్తే రెండు నష్టాలు. పిల్లర్ అంచు పగులుతుంది, బాక్సు అంచు వంగుతుంది. పిల్లర్‌ను మర్నాడు సిమెంటుతో పూస్తారు. బాక్సును ఎవరూ పట్టించుకోరు. తర్వాతి పోతలో ఆ వంగిన అంచు దగ్గర సందు పడి సిమెంటు పాలు కారిపోతాయి, ఉత్త కంకర మిగిలి అక్కడ తేనెపట్టులా బొక్కలు పడతాయి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఇసుక మీదా, వైబ్రేటర్ పట్టినవాడి మీదా నింద పడుతుంది.

పనికి కూలీ ఇచ్చే పద్ధతి ఇందులో పెద్ద దోషి అని నా అభిప్రాయం. ముఠాకు పిల్లర్‌కింత అని లెక్క కట్టి ఇస్తారు. బాక్సు గీకి తుడిచి, పలచగా నూనె రాసి, నేల మీద సాపుగా పేర్చడానికి పట్టే అరగంటకు పైసా రాదు. కాంక్రీటు పొర తడిగా ఉండగా చెక్క గీకుడు బద్దతో పోయేది, ఎండాక సుత్తి దెబ్బలు అడుగుతుంది. దెబ్బ పడ్డచోట గుంట, గుంటలో మళ్లీ సిమెంటు. నూనె కూడా అంతే. ఎక్కువ రాస్తే మంచిదనుకుంటారు. మంచి నూనెలోని కొవ్వు ఆమ్లాలు కాంక్రీటులోని సున్నంతో కలిసి సబ్బులాంటి పలచని పొర అవుతాయి, ఆ పొర చాలు. కారేంతగా పూస్తే మచ్చలూ బుడగలూ మిగులుతాయి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తే పిల్లర్ నల్లబడుతుంది, రంగు పట్టదు.

ఉక్కు అచ్చులో వచ్చిన నునుపును చూసి కాంక్రీటు నాణ్యతకు మార్కులు వేసేవాళ్లకు ఒక మాట. ఉక్కు నీటిని గానీ గాలిని గానీ పీల్చదు. అందుకే దాని మీద సూది గుంటలు చెక్క మీదకన్నా ఎక్కువే కనిపించొచ్చు. అవి చాలావరకు చూపుకే లోపం. పైగా ఆ నునుపు మీద ప్లాస్టరింగ్ చేయాలంటే, పట్టు కోసం మళ్లీ గాట్లు పెట్టాలి. డబ్బు పెట్టి నునుపు తెచ్చుకుని, కూలీ ఇచ్చి దాన్ని చెడగొట్టుకోవడం! ఇంకో అప్పు కూడా ఉంది. త్వరగా విప్పిన పిల్లర్ ఎండకూ గాలికీ త్వరగా బయటపడుతుంది. అప్పటిదాకా తడిని ఆపింది ఆ బాక్సే. గోనెపట్టా చుట్టి నీళ్లు పట్టడం ఆ సాయంత్రమే మొదలవకపోతే, ఒకరోజు మిగుల్చుకున్నది పైపొర బలంలో పోతుంది.

ప్రతి బాక్సుకూ ఒక అంకె వేసి, ఎన్ని పోతలైందో దాని మీదే రాస్తే ఈ వాదనలన్నీ సైటులోనే తేలిపోతాయి. అలా రాసిన బాక్సును నేను చూసింది ఒక్కసారే. వెనక యాంగిల్ మీద ఎర్ర పెయింటుతో గీతలు, అయిదేసి చొప్పున కొట్టేసి ఉన్నాయి. లెక్కపెడితే 112. ప్లేటు లోపలి ముఖం నున్నగా ఉంది, అంచులు వంగలేదు, బోల్టులన్నీ తిరుగుతున్నాయి. మరి పక్కన ఎందుకు పడేశారని అడిగితే స్టోరు చూసుకునే ఆయన చెప్పాడు, తర్వాత వచ్చిన డ్రాయింగులో పిల్లర్ 50 మి.మీ. తగ్గిందట.