సర్కారు తుమ్మ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సర్కారు తుమ్మ గారికి,

నిన్న సాయంత్రం మీ పుణ్యమా అని నాకు జరిగిన మర్యాద గురించి రెండు ముక్కలు.

వేరుశనగ బుడ్డలు పీకేసిన చేనులో, ఎరువు పడుతుందని, రాత్రికి నా గొర్రెల మంద పెట్టమని ఒక రైతు పిలిచాడు. జీవాలను తోలుకుని గట్టు దాకా పోయాక వాళ్ళ నాయన అడ్డమొచ్చాడు. "వద్దప్పా, పోయినేడు మంద పెట్టిన చోటల్లా ఈ తుమ్మ కంప మొలిచింది. పీకలేక చస్తున్నాం." అనడమే కాదు, నేలమీద పెంటికనొకదాన్ని చెప్పుతో నలిపి చూపించాడు. పెంటిక పిండయింది. లోపలి గింజ మాత్రం చెక్కుచెదరలేదు.

ఏమి తెలివండీ మీది! ఆకును మేక కూడా ముట్టదు. కాయ మాత్రం బెల్లం. ఎండాకాలం గడ్డిపరక దొరకనప్పుడు మీరు పచ్చగా పండి రాలితే జీవాలు ఎగబడతాయి. గింజ కడుపులో అరగదు, ఎరువుతో సహా బయటపడుతుంది. మీరు మొలిచిన చోట గరిక కూడా బతకదు. గడ్డి తగ్గేకొద్దీ జీవాలకు మీ కాయలే గతి. అంటే మా మేత బీడును కాజేయడానికి కావలసిన విత్తనం, ఎరువు, రెండూ మా మందతోనే మోయిస్తున్నారు. కూలి ఇవ్వకపోతే పోనీ, మాకు రావలసిన మంద కూలికి కూడా ఎసరు పెట్టారే!

తమరు 1877లో మా పక్కన కడప జిల్లా కమలాపురంలో కాలుపెట్టారట. వంటచెరకు కోసం దొరలు తెప్పించారు. గుజరాత్‌లో కచ్‌లోని బన్నీ పచ్చికబయళ్ళలోనైతే 1960లలో అటవీశాఖే స్వయంగా విత్తనాలు చల్లింది, ఉప్పు నేల ముందుకు రాకుండా ఆపుతారని. ఉప్పు సంగతేమో గానీ, అక్కడి బర్రెల కాపరులదీ ఇప్పుడు మా ఏడుపే.

అన్ని పాపాలూ మీ నెత్తిన రుద్దనులెండి. కర్నూలు వైపు రొళ్ళపాడులో, గడ్డి నేలల్లో బతికే బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. చుట్టూ గడ్డి నేలలన్నీ పొలాలైపోయాయి. అది నాగలి చేసిన పని. ఇక్కడా అంతే, మేత భూమిని బంజరని రాసి, పట్టాలిచ్చి దున్నించారు. బోర్లు ఎండి జనం బెంగుళూరు బస్సెక్కారు. ఖాళీ చేలలోకి ఎవరు దిగారు? నువ్వే!

అవును, నువ్వే. ఇంక గారూ గీరూ లేదు. నరికితే మొదట్లోంచి గుత్తులుగా లేస్తావు. జేసీబీ పెట్టి పెరికిస్తే రెండు వానలకే మళ్ళీ తయారు. నీ ముల్లు దిగితే గొర్రె కాలు చీము పట్టి కుంటుతుంది. ఆఫీసరు జీపులోంచి చూసి "పచ్చదనం బాగుందే" అంటాడు. దిగి నడవమను ఒకసారి!

మా అమ్మ వంట నీ కట్టె మీదే, కాదనను. బొగ్గు కాల్చుకుని బతికేవాళ్ళూ ఉన్నారు. పొయ్యిలోకి ఎంతైనా రా. మా మేత బీడులోకి మాత్రం రావద్దు.