ఆ "అందరి"లో ఎవరున్నారు?

(ఫిలడెల్ఫియా, ఆర్చ్ స్ట్రీట్. 1804లో కట్టిన క్వేకర్ల మందిరం; క్వేకర్లంటే క్రైస్తవుల్లో ఒక శాఖ. ఆదివారం ప్రార్థన అప్పుడే ముగిసింది. పాస్టర్ లేడు, పాట లేదు, గంటసేపు మౌనం. మధ్యలో ఒకావిడ లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంది, అంతే. విజయవాడ నుంచి వచ్చిన బాబాయి ఆర్టీసీ యూనియన్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. అమ్మాయి ఇక్కడే ఉద్యోగం చేస్తూ ఏడాదిగా ఈ మందిరానికి వస్తోంది. గేటు దాటకముందే ఇద్దరికీ వాదన మొదలైంది.)

బాబాయి: మా యూనియన్ మీటింగులో ఇంత నిశ్శబ్దం ఉందంటే ఎవరో పోయారని అర్థం. ఇంతకీ ఓట్స్ డబ్బా మీద టోపీ తాత వీళ్లవాడేనా?

అమ్మాయి: కాదు బాబాయ్. నిజాయితీపరులని క్వేకర్లకున్న పేరును ఆ క్వేకర్ ఓట్స్ కంపెనీ వాడుకుంది, అంతే. ప్రార్థనే కాదు, సంఘం వ్యవహారాలు కూడా వీళ్లు ఇలా నెమ్మదిగానే తేలుస్తారు. ఓటింగు ఉండదు. అందరి మాటా విన్నాక, సభ నడిపే క్లర్క్ సభ మనసు ఎటుందో చూసి తీర్మానం అక్కడికక్కడే రాసి చదువుతారు. ఒప్పుకుంటే సరే, లేదంటే వచ్చే నెల.

బాబాయి: ఒక్కడు మొండికేస్తే?

అమ్మాయి: ఆగుతారు.

బాబాయి: ఎన్నాళ్లు?

అమ్మాయి: (కొంచెం ఆలోచించి) బానిసల విషయంలో 88 ఏళ్లు.

బాబాయి: చెప్పు, చెప్పు.

అమ్మాయి: 1688లో ఈ ఊళ్లోనే జర్మన్‌టౌన్‌లో నలుగురు కాగితం రాశారు. మనల్ని ఎవరైనా ఇలా అమ్మితే ఒప్పుకుంటామా అని. నెలవారీ సభ ఇది మాకు మించిన పని అని పైకి పంపింది. మూడు నెలలకోసారి జరిగే సభా అదే మాట అంది. చివరికి బర్లింగ్టన్‌లో వార్షిక సభ, ఇప్పుడు తేల్చడం కుదరదని పక్కన పెట్టింది.

బాబాయి: ఇది నాకు బాగా తెలిసిన రూటే! డిపో నుంచి రీజియన్‌కి, అక్కణ్నించి హెడ్డాఫీసుకి. "పరిశీలనలో ఉంది."

అమ్మాయి: అందరూ అలా ఊరుకోలేదు. బెంజమిన్ లే అని ఒకాయన ఉండేవాడు, నాలుగడుగుల మనిషి. 1738లో బర్లింగ్టన్ సభకు పెద్ద కోటు వేసుకుని వచ్చాడు. లోపల సైనికుడి దుస్తులు, నడుముకు కత్తి. చేతిలో పుస్తకం లోపలంతా తొలిచి ఎర్రటి పళ్లరసం నింపిన తిత్తి పెట్టాడు. బానిసల్ని ఉంచుకున్నవాళ్లను తిట్టి, కోటు విసిరేసి, కత్తితో ఆ పుస్తకాన్ని పొడిచాడు. రసం చుట్టూ ఉన్నవాళ్ల మీద రక్తంలా చిమ్మింది.

బాబాయి: శెభాష్! ఇదీ ధర్నా అంటే. తర్వాత?

అమ్మాయి: బయటికి గెంటేశారు. సంఘంలోంచి కూడా తీసేశారు.

బాబాయి: మరింకేం మాట్లాడతావ్! అరిచినవాణ్ని గెంటేసి, యజమానుల పక్కన మౌనంగా కూర్చున్నారు.

అమ్మాయి: ఉల్‌మన్ సంగతి కూడా వినండి. జాన్ ఉల్‌మన్, మౌంట్ హోలీలో దర్జీ. బానిసలున్న క్వేకర్ల ఇళ్లల్లో దిగాల్సి వస్తే, వెళ్లేటప్పుడు తనకు చాకిరీ చేసినవాళ్ల కోసం చిన్న చిన్న వెండి నాణేలు ఇచ్చేవాడు. కొన్నిసార్లు వాళ్ల చేతికే, కొన్నిసార్లు ఇచ్చేయమని యజమాని చేతికి. ఆ నాణెం పట్టుకుని నిలబడ్డ యజమాని మొహం ఊహించుకోండి. ఇలాంటివాళ్లు ఇల్లిల్లూ తిరిగి మాట్లాడారు. 1758లో వార్షిక సభ కదిలింది. 1776కి బానిసల్ని వదలనివాళ్లకు సంఘంలో చోటు లేదంది.

బాబాయి: ఆ 88 ఏళ్ల ఖర్చు ఎవరిది? పొలాల్లో పుట్టి పొలాల్లోనే పోయినవాళ్లది. అందరూ ఒప్పుకోవాలన్నారు సరే, ఆ "అందరి"లో బానిస ఉన్నాడా?

అమ్మాయి: లేడు.

బాబాయి: మరి!

అమ్మాయి: ఒక్కటి చెప్పండి. 1738లో ఓటు పెడితే ఎవరు గెలిచేవారు? సంఘం పెద్దల్లో చాలామందికి బానిసలున్నారు. తీర్మానం వీగిపోయేది, ఫైలు మూసేసేవాళ్లు. ఓటు లేదు కాబట్టే ఆ గొడవ ఏ ఏడూ ముగిసిపోలేదు. ఓట్లేసుకునే దేశం ఏం చేసింది? 1861 నుంచి 65 దాకా అంతర్యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా చచ్చాక గానీ తేల్చుకోలేకపోయింది.

(బాబాయి వెంటనే జవాబివ్వలేదు. ఒకప్పుడు తన డిపోలో సమ్మె కోసం పెట్టిన ఓటింగు వీగిపోయిన సంగతి ఆయన మనసులో మెదిలి ఉంటుంది. ఆ ఓటమి తర్వాత ఆ డిమాండు గురించి మళ్లీ ఎవరూ నోరెత్తలేదని ఇంట్లో చాలాసార్లు చెప్పాడు.)

బాబాయి: సరే. మరి యుద్ధాలొచ్చినప్పుడు వీళ్లు సాయం చేశారని విన్నాను, అప్పుడూ ఇలాగే నానబెట్టారా?

అమ్మాయి: లేదు. అమెరికా 1917 ఏప్రిల్ 6న మొదటి ప్రపంచ యుద్ధంలో దిగితే, ఏప్రిల్ 30కల్లా తుపాకి పట్టనివాళ్ల కోసం సేవా కమిటీ పెట్టేశారు. యుద్ధం అయ్యాక శత్రుదేశం జర్మనీలో లక్షలాది పిల్లలకు అన్నం పెట్టారు. 1947లో ఆ కమిటీకీ, లండన్‌లోని క్వేకర్ల కౌన్సిల్‌కీ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. తీసుకోవడానికి వెళ్లినాయనకు వేడుకకు తగ్గ కోటు లేక, విదేశాలకు పంపడానికి పోగేసిన పాతబట్టల్లోంచి ఒకటి అరువు తీసుకున్నాడు.

బాబాయి: కోటు సంగతి బాగుంది. కానీ నువ్వే చెప్పావు, లెక్క చూడు. ఎవరికో అన్నం పెట్టడానికి 24 రోజులు. తమ జేబు కదిలేచోట 88 ఏళ్లు. అది మౌనం మహిమ కాదమ్మా, జేబు బరువు.

అమ్మాయి: (నవ్వి) ఇది మాత్రం కొట్టారు.

బాబాయి: ఇంకోటి. బానిసల్ని వదిలేశాక వాళ్లను పక్కన కూర్చోబెట్టుకున్నారా?

(ఈసారి మౌనం అమ్మాయిది.)

అమ్మాయి: సారా మాప్స్ డగ్లస్ అని ఒక నల్లజాతి టీచరు. బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసినావిడే. వాళ్లమ్మతో కలిసి ఇక్కడికే వచ్చేది. వాళ్లకు వేరే బెంచి.

బాబాయి: ఇక్కడికే అంటే?

అమ్మాయి: ఈ మందిరానికే. మనం కూర్చున్న హాలు చూపించడానికే మిమ్మల్ని తీసుకొచ్చా, ఈ సంగతి చెప్పాలా వద్దా అని గంటసేపూ ఆలోచిస్తూనే ఉన్నా.

బాబాయి: మరి మౌనంలో నీకు తట్టింది అదా?

అమ్మాయి: అదే.

బాబాయి: అయితే లేచి చెప్పాల్సింది. లేవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదుగా?

అమ్మాయి: అక్కర్లేదు.

బాబాయి: పద, లోపల ఇంకా జనం ఉన్నారు. ఆ బెంచి ఎక్కడుండేదో అడుగుదాం.